ఆఖరి అతుకు

"ఓలమ్మీ, ఆ గంప తీసీ! పెట్టిలో నా కొత్త సొక్కాలున్నాయి."

నీలవేణి వినిపించుకోలేదు. నౌపడ స్టేషన్లో వాన ఏటవాలుగా కొడుతోంది. రేకుల కింద తడవని చోటంటూ మిగిలింది ఆ అబ్బాయి ట్రంకు పెట్టె ఒక్కటే. ఎండుచేపల గంపని దానిమీద దించి, తీరిగ్గా కొంగు పిండుకుంది.

"నీకే సెప్తన్నాను. సేపల కంపుతో ఎల్తే బొంబాయిలో నాకు ఉద్యోగం ఎవుడిస్తాడు?"

"నా సేపలు తడిసిపోతే పర్లాకిమిడిలో ఎవుడు కొంటాడు?"

"అంటే నీ సేపలకన్నా నాను తక్కువా?"

"సేపలకి ఉప్పేసినాను. నీకు ఏటేసినారో నాకు తెల్దు కదా."

అతను నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్నవాడు అట్టే సేపు అటు చూడలేకపోయాడు.

అది అరవై ఆరు జూలై. పర్లాకిమిడి వెళ్లే చిన్న రైలు రెండు గంటలు లేటు. ఆ రెండు గంటల్లో అతని పేరు ఎల్లాజీ అని, కళింగపట్నంలో తమలాగే చేపల వేటకెళ్లే కుటుంబమని, విశాఖపట్నంలో వెల్డింగు నేర్చాడని, టెక్కలిలో అక్కని చూసి బొంబాయి వెళుతున్నాడని ఆమెకి తెలిసింది.

"బొంబాయిలో ఏటి పని?"

"పరీక్ష. పాసైతే అరబ్బు దేశం పంపుతారు. అక్కడొక దేశంలో నేల కింద క్రూడాయిలుంది. వంటనూనె కాదు, నల్లగా బంకలా ఉంటాది. పాపం, ఆళ్లకి సముద్రం నేదు. పక్క దేశానికి రేవున్నాది. మద్దెన ఐదొందల మైళ్ల ఎడారి. గొట్టం ఏసి ఆ నూనె రేవుకి తోల్తారు. ఓడలెక్కిస్తారు. గొట్టానికి గొట్టం అతికేది మాలాటోళ్లం."

"సముద్రం నేని దేశం కూడా ఉంటాదా?" సముద్రపొడ్డున భావనపాడులో పుట్టిన పిల్లకి మిగతాదంతా చెవికెక్కలేదు.

ఎల్లాజీ పరీక్ష పాసయ్యాడు. ఓడ ఎక్కడానికి పదిహేను రోజులు గడువుంటే తిన్నగా భావనపాడు వచ్చి, నీలవేణి తండ్రి రాముడి ముందు నిలబడ్డాడు. రాముడు వల బాగుచేస్తూ తలెత్తకుండా అడిగాడు.

"ఎన్నాళ్లు?"

"రెండేళ్లు మావా. ఆకరి అతుకు ఏసిన రోజే బయలెల్తాను."

"మాటేనా?"

"మాటే."

తాంబూలాలు పుచ్చుకున్నారు. బస్సెక్కేముందు ఎల్లాజీ ఆమెతో ఏదో చెప్పబోయాడు. కండక్టరు విజిలేశాడు.

రాముడి పేర ఉత్తరాలు వచ్చేవి. పోస్టుమాన్ గణపతిరావు అరుగుమీద కూర్చుని గట్టిగా చదివేవాడు. చుట్టూ పదిమంది. ఎడారిలో ఎండ, ఇసుక గాలి, రోజుకి ఎన్ని అతుకులు వేశాడన్న లెక్క. ఆఖర్న, 'నీలవేణిని అడిగానని చెప్పండి.' అంతే.

"ఏటే, అడిగినాడంటే!" అని చుట్టుపక్కల ఆడవాళ్లు పకపకా నవ్వేవారు. ఆమె సిగ్గుపడేది. కొన్నాళ్లకి ఆ సిగ్గులో కోపం కలిసింది. పదిమందిలో చదువుతారని తెలిసే అతను ఏమీ రాయడం లేదనుకుంది. తనకే చదువొస్తే, తన పేరుమీదే రాయమనొచ్చు.

ఊరి బడి మేష్టారి భార్య లక్ష్మణమ్మ దగ్గర పలక పట్టింది. చేపలు ఎండేసి వచ్చి, మిట్టమధ్యాహ్నం ఉప్పుకి పగిలిన వేళ్లతో అక్షరాలు దిద్దేది. ఏడాది పట్టింది.

అరవై ఎనిమిది నవంబరులో గణపతిరావు కవరు చింపబోతుంటే నీలవేణి చెయ్యి చాచింది.

"ఇలాగియ్యి బాబూ. నానే సదువుతాను."

పడవ చాటుకి వెళ్లి కూర్చుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

'మావగారికి నమస్కారాలు. గొట్టం పూర్తయింది. ఆఖరి అతుకు నేనే వేశాను. నూనె మొదటిసారి సరిహద్దు దాటుతుంటే గొట్టంమీద చెయ్యేసి చూశాను. లోపల ప్రాణమున్నట్టు అదిరింది. ఇంజనీరు దొర నన్ను సరిహద్దు పంపు స్టేషన్లో ఉండిపొమ్మన్నాడు. ఇంకో మూడేళ్లకి సంతకం పెట్టాను. నీలవేణికి మీరే నచ్చచెప్పండి.'

తప్పు చదివాననుకుంది. కొత్త చదువు కదా. మళ్లీ చదివింది. లక్ష్మణమ్మ ఇంటికి పరిగెత్తింది.

"అక్కా, ఈ మాట సూడు. ఇది మూడేనా?"

లక్ష్మణమ్మ చూసింది. ఆమె భుజంమీద చెయ్యేసింది.

ఆ సాయంత్రమే నీలవేణి మొదటిసారి ఉత్తరం రాసింది. 'నన్ను అడగకుండా సంతకం పెట్టినావు. నాకు కోపం రాలేదు. భయమేసింది. తిరిగి వస్తానని నాకే నువ్వు రాయి. రాయకపోతే ఎదురుచూడను.'

జవాబు రాలేదు. ఆ రెండు దేశాలకీ తగువొచ్చిందని, గొట్టం మూసేశారని, అటు టపా వెళ్లడం లేదని మేష్టారు పేపర్లో చూసి చెప్పాడు. అయినా ఆమె ఆరు నెలలు చూసింది. ఆ తర్వాత, ఊళ్లో సొంత పడవున్న అప్పలసూరి అడిగితే, తనే సరేనంది.

జూలైలో ఒక మధ్యాహ్నం ఎల్లాజీ వచ్చాడు. నల్లబడ్డాడు. చెంపమీద కాలిన మచ్చ. చేపలు తిరగేస్తున్న ఆమెని చూసి అక్కడే ఆగిపోయాడు.

"వాల్వులు కట్టీసినారు నీలా. మమ్మల్నందర్నీ ఇళ్లకి పంపీసినారు."

"నా జాబు అందిందా?"

"నువ్వు రాసినావా? నీకు రాతొచ్చా!" అతని కళ్లు మెరిశాయి.

ఏం రాసిందో ఆమె పొల్లుపోకుండా చెప్పింది. వింటూ వింటూ అతని మొహంలో వెలుగు ఆరిపోయింది.

"వచ్చే లచ్చివారం నా పెళ్లి. అప్పలసూరితోటి."

ఎల్లాజీ ఇసుకలో కూలబడ్డాడు.

"ఆ ఎడారిలో దినామూ నీతోటే మాటాడినాను. పదిమందిలో సదువుతారని రాయనేదు. నువ్వంటే నాకు పేనం నీలా."

మూడేళ్లుగా ఆమె వినాలనుకున్న మాట అదే. విన్నది. చేతిలో చేప జారి ఇసుకలో పడింది.

రాముడు దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఇంకా తాళి పడనేదు. నీ ఇష్టం. అప్పలసూరికి నాను సెప్పుకుంటాను."

నీలవేణి ఎల్లాజీ కళ్లలోకి చూసింది.

"రేపు ఆ రెండు దేశాలోళ్లూ రాజీపడితే? నిన్ను మళ్లీ రమ్మంటే?"

అతను గుప్పెడు ఇసుక తీసి వదిలాడు.

"నీకు అబద్దం సెప్పలేను. ఎల్లాలనే ఉంటాది. నా సేతుల్తో ఏసిన గొట్టం..."

"నన్ను తీసికెల్తావా?"

"అక్కడికి ఆడోళ్లని రానివ్వరు."

"అయితే నువ్వెల్లు బావా."

ఒక్క అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. చెప్పనందుకు గౌరవమూ కలిగింది. ఆ గౌరవమే ఎక్కువ బాధపెట్టింది.

ఎల్లాజీ లేచి రాముడి కాళ్లకి దండం పెట్టాడు. ముసలాడు అతని తలమీద చెయ్యేశాడు. "సల్లగా ఉండు నాయనా," అని, ఇద్దర్నీ కలిపి దీవించాల్సినవాడు అతనొక్కడినే దీవించాడు.

ఇసుక దాటేలోగా ఎల్లాజీ రెండుసార్లు వెనక్కి చూశాడు. పిలిస్తే ఆగేవాడే, ఆ సంగతి నీలవేణికి తెలుసు. ఆగితే ఎన్నాళ్లు ఆగుతాడో కూడా తెలుసు.

పిలవలేదు.