నోరు జారిన మెకానిక్

“మొన్ననే కొత్త సెన్సర్ వేశానండీ. ఇంకా పొగొస్తోందంటే తప్పు బండిది కాదు, నడిపేవాళ్లది!”

మెకానిక్ అలా అనేసరికి షెడ్డంతా గొల్లున నవ్వింది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి మొహం కందిపోయింది. ఆమె డ్రైవింగ్ నేర్పే టీచరు మరి! ఆమె కారు వెనక సీట్లో కూర్చున్న స్టూడెంట్లు కూడా నవ్వేశారు.

ఆమె విసురుగా కారెక్కింది. పాత కారు నల్లపొగ కక్కుతూ, కుదుపులతో వానలోకి వెళ్లిపోయింది.

ఆ నల్లపొగ అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఇంజిన్ లోపాలు చూపించే స్కానర్ తీసి మొన్నటి రీడింగులు మళ్లీ చూశాడు. ఆ కారుకి ఆక్సిజన్ సెన్సర్లు రెండు. ఇంజిన్ దగ్గరున్నది పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టి, పెట్రోలు ఎంత పోయాలో ఇంజిన్‌కి తెలియజేస్తుంది. స్కానర్‌లో దాని గీత పైకీ కిందికీ ఊగుతూ ఉండాలి. ఇక్కడ కదలకుండా పడుకుంది. అతను మార్చింది వెనక పైపు మీదున్నదాన్ని!

మొన్న ఆమె ఏదో చెబుతూ నవ్వుతుంటే అతని కళ్లు స్కానర్ మీద నిలవలేదు. అదీ సంగతి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఫోన్ చేసి చెప్పేస్తే పోదా అనుకున్నాడు. కానీ అవమానించింది నలుగురిలో.

తడుచుకుంటూ డ్రైవింగ్ స్కూలుకి వెళ్లాడు. ఆమె పాఠం చెబుతోంది. మూలన టేబుల్ దగ్గర వాళ్లమ్మ.

“ఏంటండీ, నాకు హారన్ కొట్టడం కూడా రాదని చెప్పడానికొచ్చారా?” అంది టీచరు అతన్ని చూసి.

“తప్పు నాదండీ,” అన్నాడు అందరికీ వినపడేలా. “పాడైంది ఒకటైతే ఇంకోటి మార్చాను. పైగా మిమ్మల్ని అన్నాను. మీ డ్రైవింగ్‌కి వంక పెట్టే అర్హత నాకు లేదు.”

“మీ మాట విని ఒక స్టూడెంటు మానేసింది, తెలుసా?”

అతని తల ఇంకా వాలిపోయింది. “ఇల్లెక్కడో చెప్పండి.”

వెళ్లాడు. ముక్కూమొహం తెలియని ఆవిడ గుమ్మంలో నిలబడి తన తెలివితక్కువతనమంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ పగలబడి నవ్వింది. మర్నాడు క్లాసుకొచ్చింది.

అదే రోజు అతను స్కూలు వాకిట్లోనే ఇంజిన్ దగ్గరి సెన్సర్ పని పట్టాడు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆయిల్ కొట్టి, కాసేపు నాననిచ్చి, పానాతో మెల్లగా తిప్పాడు. మసిపట్టిన సెన్సర్ ఊడొచ్చింది. కొత్తది బిగించి ఇంజిన్ వేడెక్కనిచ్చాడు. స్కానర్‌లో గీత చకచకా ఊగింది. పొగ లేదు.

“అయిపోయిందా?” అంది ఆమె, చేతులు కట్టుకుని.

“బండి పనైపోయింది.” కాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “నాకు డ్రైవింగ్ నేర్పుతారా?”

“మీకు రాదా?”

“వచ్చు.”

“మరెందుకు?”

“మీ పక్కన కూర్చోవాలనుంది.” తలెత్తే ధైర్యం చాల్లేదు. “వద్దంటే వెళ్లిపోతానండీ. మళ్లీ కనపడను.”

గుమ్మంలోంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది.

“చేర్చుకోవే! మనిషి మంచివాడే. నోటికే బ్రేకులు లేవు. అవి నువ్వు వేద్దువుగాని.”

“అమ్మా!”

ఈసారి ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. ఆమె గబగబా స్టీరింగ్ ముందు కూర్చుని, చెయ్యి చాచి పక్క తలుపు తీసింది.

“ఎక్కండి. బెల్టు పెట్టుకోండి.”