కాగే నూనెలో చెంచాడు నీళ్ళు

నేను పిరికివాణ్ణి. దాచుకోవడానికేం లేదు. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడే బాపతు.

కళ్ళద్దాల షాపులో నా ఉద్యోగం. ఓ రోజు ఒకమ్మాయి అద్దాలు బాగు చేయించుకోవడానికి వచ్చి, కౌంటర్ మీద ఓ పొట్లం పెట్టింది. నాకోసమే కాబోలు అనుకుని సగం లాగించేశాను. పల్చగా, పచ్చగా, కరకరలాడే అరటికాయ చిప్స్!

"అయ్యయ్యో! అవి పక్క షాపు ఆర్డరండీ!" అని అరిచింది.

"ఎవరు చేశారండీ, ఇంత బాగా?"

"నేనూ, మా నాన్నా. ఇంట్లోనే. తిన్నది చాలు, ఇటివ్వండి!"

అలా తిట్లతో మొదలై ప్రేమ దాకా వచ్చింది. చిక్కంతా వాళ్ళ నాన్నతోనే.

"ఆదివారం రా. నాన్న ఏం మాట్లాడినా పొయ్యి దగ్గరే. నువ్వు నచ్చలేదంటే మాత్రం ఇక అంతే, పెళ్ళి మాట మళ్ళీ ఎత్తనివ్వరు" అంది.

ఆ వారమంతా నాకు తిండి సహించలేదు.

ఆదివారం ఒకటే వాన. తడిసిన చొక్కాతో వాళ్ళ వంటింటి గుమ్మం దాటాను. స్టవ్ మీద పెద్ద బాణలిలో నూనె సలసలా కాగుతోంది. ఆమె స్లైసర్‌ని బాణలి మీదే పట్టుకుని అరటికాయ రుద్దుతోంది. ముక్కలు నేరుగా నూనెలో పడుతున్నాయి. ఆ చెయ్యి ఎక్కడ కాలుతుందోనని చూడలేక తలుపు దాకా వెనక్కి తగ్గాను.

"ఏం పని చేస్తుంటావ్ బాబూ?" అన్నారు వాళ్ళ నాన్న, నావైపు చూడకుండానే.

"క... కళ్ళద్దాలండీ."

ఆయన గిన్నెలోంచి చెంచాడు నీళ్ళు తీసి నూనెలో పోశారు.

కాగే నూనెలో నీళ్ళా! బాణలి బుస్సుమంది. నురగ అంచుదాకా పొంగింది. ఇల్లు తగలబడిపోతోందనే అనుకున్నాను. ఏం చేశానో నాకే తెలీదు. తేరుకునేసరికి ఆమె నా వెనక ఉంది, స్టవ్ ఆరిపోయింది, నేను ఓ పళ్ళెం అడ్డం పెట్టుకుని ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాను.

"అవి ఉప్పునీళ్ళు" అన్నారాయన మెల్లగా. "ముక్కలకి ఉప్పు పట్టాలంటే వేగేటప్పుడే పోయాలి. ఆ చప్పుడు తగ్గితే వేగినట్టు."

"మాకిది రోజూ ఉండేదే. చెప్పాలని తట్టనే లేదు" అని వెనక నుంచి గొణిగింది ఆమె.

ఆయన జల్లిగరిటెతో ఓ ముక్క తీశారు. నూనె పీల్చుకుని మెత్తగా వేలాడింది. వాయంతా పాడు. నా పనీ అయిపోయింది అనుకున్నాను.

"భయపడ్డావా?"

"చచ్చేంత భయమేసిందండీ." అబద్ధమాడే ధైర్యం కూడా లేదు నాకు.

"తలుపు నీ వెనకే ఉంది కదా. బయటికి పరిగెత్తక స్టవ్ దగ్గరికొచ్చావేం?"

"తను ఇక్కడుంది కదండీ!"

ఆయన స్టవ్ మళ్ళీ వెలిగించి, కొత్త కాయ ఒలిచి కూతురికిచ్చారు. చెంచా తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఈసారి నీళ్ళు నువ్వే పోయాలి."

ఆమె ముక్కలు నూనెలో వెయ్యగానే చెంచా ఎత్తాను. సగం నీళ్ళు గట్టు మీదే ఒలికాయి. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని పోసేశాను. బుస్సుమంది!

"కళ్ళు తెరువు అల్లుడూ, మాడిపోతాయి!"

తెరిచాను. ఆయన చిప్స్‌నే చూస్తున్నారు. తానేమన్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. ఆమెకి మాత్రం తెలిసింది. నా చెయ్యి వదల్లేదు.