చివరిగా కనిపించిన చోటు

తప్పిపోయినవాళ్ల వివరాలు పెట్టే వెబ్‌సైటు ఒకటుంది. దాన్ని నడిపే ఆఫీసంటే బట్టల కొట్టు పైన రెండు గదులు. వెబ్‌సైటు పని చూసే ఆమెను అక్కడ అందరూ గడులమ్మ అనేవారు. ఎవరేం అడిగినా "దానికో గడి పెడితే సరి" అనేది మరి.

ఆ వాన సాయంత్రం ఆమె బాగుచేస్తున్నది జనం చూసే పేజీ కాదు. లోపల ఆఫీసువాళ్లు మాత్రమే చూసుకునే జాబితా. మూడొందల పన్నెండు మంది, మనిషికో వరుస. ఇన్నాళ్లూ అందులో పేరూ తేదీ తప్ప ఏమీ కనబడేవి కావు. ఆఫీసు నడిపే పెద్దాయనకు చూపు మందగించింది. "అమ్మాయ్, అన్నీ ఒక్కచోటే కనబడేలా చెయ్యి, నీకు పుణ్యముంటుంది" అని వారం రోజులుగా ఆమె ప్రాణం తోడేస్తున్నాడు. అందుకని ఫోటోకో గడి, వయసుకో గడి, చివరిగా కనిపించిన చోటుకో గడి పెట్టింది. టిక్కు పెట్టి, ఎందరి వివరాన్నయినా ఒకేసారి మార్చేసే వీలు కూడా కల్పించింది.

పెద్దాయన గొడుగు తీసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే మిగిలింది. గదిలో చెమ్మగిల్లిన గోడల వాసన. కింద కొట్టు షట్టరు దించుతున్న చప్పుడు వినిపించి ఆగిపోయింది.

ఇక సరిచూడడమే మిగిలింది. అందుకోసం వెబ్‌సైటు నకలు ఒకటి విడిగా ఉంటుంది. తప్పులేవైనా అందులో చేసుకోవాలి. కానీ పనిమంతులకు ఒక పాడు అలవాటుంది. రెండు నిమిషాల పనికి నకలెందుకులే అని తిన్నగా అసలుదాని మీదే చెయ్యి పెడతారు. ఆమె కూడా అదే చేసింది. పైగా, చేసి చూడ్డానికి తమ్ముడి వరుసను ఎంచుకుంది.

తమ్ముడు ఇల్లు వదిలి నాలుగేళ్లు. చివరిగా కనిపించిన చోటు రైలు వంతెన. తను ఆఫీసుకు వస్తే ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. తలుపు చప్పుడైతే చాలు, ఎవరని కూడా అడక్కుండా పరుగున వెళ్లి తీస్తుంది.

వాడి పేరుతో వెతికితే మిగతావన్నీ పోయి ఒక్క వరుసే మిగిలింది. పైనున్న టిక్కు నొక్కింది. చోటు గడిలో ఏదో ఒకటి కొడితే సరిపోయేది. కానీ చేతులు వాటంతటవే "మా ఇంట్లో" అని కొట్టాయి. ఇదే నిజమైతే ఎంత బాగుండును అనుకుంటూ మీట నొక్కింది.

"మూడొందల పదకొండు వరుసలు మారాయి. ఒక వరుస మారలేదు. దాన్ని వేరొకరు తెరిచి ఉంచారు."

టిక్కు పడింది కంటికి కనబడే ఒక్క వరుసకే కాదు, వెతికినప్పుడు మరుగైపోయిన వాటన్నిటికీ. జాబితా మొత్తం తెరిచింది. మా ఇంట్లో. మా ఇంట్లో. మా ఇంట్లో... మారనిది తమ్ముడి వరుసొక్కటే. దాన్ని తెరిచింది ఎవరో చూద్దామంటే పేరుండాల్సిన గడి ఖాళీగా ఉంది. ఈ జాబితా తెరిచే వీలున్నది ఇద్దరికే. తనిక్కడుంది. పెద్దాయన బస్సులో ఉన్నాడు.

తనను తాను తిట్టుకుంటూ, నిన్నటి వివరాలు వెనక్కి తెచ్చే పని మొదలుపెట్టింది. అది నత్తలా కదులుతోంది. ఇంతలో అమ్మ ఫోను.

"ఏమే, ఎవరినైనా ఇంటికి రమ్మన్నావా?" అమ్మ గుసగుసగా అడిగింది.

"లేదే. ఏమైంది?"

"గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. పక్కన ఎవరో పిల్ల. ఇంత వానలో గొడుగైనా లేదు. పిలిస్తే పలకరు."

ఆమె కళ్లు తెర మీదికి వెళ్లాయి. మొదటి వరుసలో ఒకావిడ ఫోటో. రెండో వరుసలో ఒక పిల్ల...

"అమ్మా... ఆవిడ పచ్చ స్వెట్టరు వేసుకుందా?"

"నీకెలా తెలుసు? ఇంకా వస్తున్నారే. వీధి మలుపు దాకా ఉన్నారు. ఎవరూ మాట్లాడరేమిటి..."

"తలుపు తియ్యకమ్మా."

"వీళ్లలో మనవాడుంటే?"

వాడు లేడని ఆమెకు తెలుసు. వాడి వరుస మారలేదు. కానీ వాడు లేడనే మాట నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

"ఉండు, చూసొస్తా," అంది అమ్మ. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు.

తెర మీద తమ్ముడి వరుస కదిలింది. ఎవరో తెరిచి ఉంచారన్న మాట చెరిగిపోయింది. చోటు గడిలో రైలు వంతెన లేదు. అక్కడ కొత్తగా ఒక ముక్క ఉంది.

"అక్కా, అమ్మను తలుపు తియ్యనివ్వకు."

"అమ్మా..." ఫోనులో అరిచింది. "అమ్మా, వాడు అక్కడ లేడు... వాడు లేడమ్మా..."

అవతల గడియ తీసిన చప్పుడు. వాన హోరు ఒక్కసారిగా దగ్గరైంది. అమ్మ గొంతు వినబడలేదు. గుమ్మం దగ్గర ఎవరో తడి చెప్పులు విప్పారు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు... తొందరేమీ లేకుండా, ఒకరి తర్వాత ఒకరు.