పరీక్షకి ఒక చావు

డెబ్భై ఏడు వానాకాలం. బెజవాడలో మా కంప్యూటర్ గదికి కిటికీలు లేవు. ఏసీ చలి, మిషన్ నూనె వాసన, చిల్లులు కొట్టిన అట్టకార్డుల దుమ్ము. పగలో రాత్రో తెలిసేది కాదు. చక్కెర మిల్లు కూలీల జాబితా వేసే ప్రోగ్రాం మార్చినప్పుడల్లా నేనూ, నా పక్కన కార్డులు కొట్టే తెరేసమ్మా కార్డులు సరిచూసి, నమూనా జాబితా అచ్చేయించి, వేలు పెట్టి చదివాకే మిల్లుకి పంపేవాళ్ళం.

ప్రోగ్రాంలు రాసే హనుమయ్య ఆ పని మిషన్‌కే నేర్పాడు. కార్డుల కట్ట పెడితే చాలు. ప్రోగ్రాం తనే తయారుచేసుకుని, తనే పరీక్షించుకుని, ముందు చెప్పిన లెక్కతో ఫలితం కుదిరితే మిల్లుకి పంపే కొత్త కట్టని బయటికి తోస్తుంది.

"ఇక మీలో ఒకరు చాలు శౌరమ్మా," అన్నాడు, కాఫీ చల్లారిందన్నంత తేలిగ్గా.

"నిన్నే ఉంచుతార్లే అక్కా, నీ నోటికి భయపడి," అని తెరేసమ్మ నవ్వింది.

అబద్ధం. దాని వేళ్ళు నాకన్నా చురుకు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

పరీక్షకి చచ్చిన కూలీ ఒకడు కావాలి, ప్రోగ్రాం వాణ్ణి జాబితాలోంచి తీసేస్తుందో లేదో చూడ్డానికి. "కార్డు మీద ఏదో ఒక పేరు కొట్టెయ్," అన్నాడు. నేను తెరేసమ్మ పేరు కొట్టాను. చనిపోయిన తేదీ, ఆ రోజుదే. వేళాకోళమని మీతో బొంకను. కడుపుమంటతోనే కొట్టాను.

కార్డులు గరగరా లోపలికి పోయాయి. ప్రింటర్ దడదడలాడి ఆగింది. "మృతులు 1. పరీక్ష సరి."

పక్కన తెరేసమ్మ మీటల చప్పుడూ ఆగింది.

"అక్కా... చలేస్తోంది..."

తల మీటల మీద వాలిపోయింది. అంతే.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఉద్యోగం నాకు మిగిలింది.

నాలుగో రోజు ప్రోగ్రాంలో మళ్ళీ మార్పు. పాత కార్డు చించేసి, లోకంలో ఎవరికీ ఉండని పేరొకటి అల్లి కొత్తది కొట్టాను.

"మృతులు 2. పరీక్ష తప్పు." రెండో పేరు తెరేసమ్మది.

"పాత కార్డు తియ్యలేదా?" అన్నాడు హనుమయ్య.

"చించేశానండీ..." బుట్టలో ముక్కలు చూపించాను.

మిల్లువాళ్ళు ఫోను మీద ఫోను చేస్తున్నారు. హనుమయ్య విసుక్కున్నాడు. "సర్లే, ఇద్దరొస్తేనే సరి అని మార్చేద్దాం." మార్చాడు. కట్ట మళ్ళీ పెట్టాడు.

గరగర... దడదడ... నిశ్శబ్దం.

"మృతులు 3. పరీక్ష తప్పు."

మూడో వరసలో పేరు లేదు. తేదీ ఉంది. రేపటిది.

హనుమయ్య ఆ కాయితం చింపి జేబులో కుక్కుకున్నాడు. "ముగ్గురని మార్చనా?" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.

ఆయన చెయ్యి కదపలేదు.

ఎవరూ ఏమీ మార్చకుండానే, మిషన్ మిల్లుకి పోయే కొత్త కట్టని బయటికి తోసేసింది.