ఊయలపలుకు

గోడ మీద పాకుతున్న పుటశోధిని యంత్రం ఎనభై రెండో తప్పు పట్టుకునేసరికి హైమ లెక్కపెట్టడం మానేసింది. ఒళ్ళో ఆరునెలల లాస్య వేలు చీకుతోంది.

ఆ ఓడరేవు కాలనీలో తలుపు, పొయ్యి, ఊయల అన్నీ గోడమీది ఇంటిపుటలో రాసిన ఆజ్ఞల ప్రకారమే నడిచేవి. రాయడం అందరికీ రాదు. ఎనిమిదితో బడి మానేసిన హైమ పక్కింటి పుటలోంచి ముక్కలు తెచ్చి అతికించుకుంది. పక్కింటావిడా అలాగే ఇంకెవరి దగ్గరో తెచ్చుకుంది.

"మీ పుట తెరిస్తే అటక తెరిచినట్టుందండీ," అంది నగరపాలక శోధకురాలు భార్గవి. "'అత్తగారి కాఫీలో పంచదార ఒక్క చెంచా వెయ్యి, అడిగితే రెండని చెప్పు.' మీ ఇంట్లో అత్తగారు లేరుగా?"

"మాకు లేరండి. పక్కింటావిడకున్నారు. ఏది తీసేస్తే ఏది ఆగిపోద్దోనని ఉంచేశానండి."

నవ్వబోయిన భార్గవి కింది వరుస దగ్గర ఆగింది. "ఊయలపలుకు. పాప ఏడిస్తే మాట్లాడేది ఇదేనా?"

"అదొక్కటీ ముట్టుకోకండి. అది పలికితే గాని నా కూతురు ఊరుకోదు. నేనెత్తుకుంటే ఇంకా ఏడుస్తుంది."

"అది యంత్రం గొంతు కాదండీ. పద్నాలుగో వీధిలో చిలకమ్మ గారని ఉన్నారు. ఎప్పుడో వాళ్ళమ్మాయి 'బిడ్డ ఏడిస్తే అమ్మను పిలువు' అని రాసుకుంది. అది చేతులు మారి నలభై ఇళ్ళకు పాకింది. ఎవరి పిల్లలు ఏడ్చినా ఆవిడ గోడే మోగుతోంది, ఆవిడే పలుకుతున్నారు, ఆరేళ్ళుగా. సాయంత్రం ఆ వరుస కొట్టెయ్యాలి."

హైమ తల కొట్టేసినట్టయి, పిల్లను చంకనేసుకుని పద్నాలుగో వీధికి పరుగెత్తింది.

చిలకమ్మది అట్ల కొట్టు. పెనం మీద పిండి చుయ్‌మంది. ఊయలపలుకు వెనక వినిపించే ఆ చప్పుడు వాన అనుకుంది హైమ ఇన్నాళ్ళూ.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ, మాకు తెలీదు. ఇవాళ్టితో ఆ వరుస కొట్టేస్తారంట."

చిలకమ్మ చేతిలో అట్లకాడ ఆగింది. "కొట్టేస్తారా," అని పెనం మీది అట్టు తిరగేసింది. "మొదట్లో తిట్టుకునేదాన్ని. మా మనవడు బడికెళ్ళిపోయాడు, ఇంకా ఈ మోతేంటని. తర్వాత అలవాటైపోయింది. నీ గొంతూ గోడలో వినబడుతుంటుంది. నీది వెక్కి వెక్కి ఏడ్చే పిల్ల కదూ, పొద్దున్న తొమ్మిదింటికి?"

కొత్త చోటుకు బెదిరి లాస్య ఏడుపు లంకించుకుంది.

"ఏంటి తల్లీ, ఎవరన్నారు నిన్ను?" అంది చిలకమ్మ.

లాస్య ఠక్కున ఆగింది. ముందు గోడల వైపు వెతికింది. తర్వాత ఆవిడ నోరు చూసి, చెయ్యి చాపి గడ్డం పట్టుకుంది.

నాలుగింటికి భార్గవి ఇల్లిల్లూ తిరిగి, సంగతి చెప్పి మరీ ఆ వరుస కొట్టేసింది. కాసేపటికి లాస్య ఏడ్చింది. గోడ పలకలేదు. హైమ బుజ్జగించి, బుజ్జగించి, చివరికి చెప్పులేసుకుంది. బయటికొస్తే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ పక్కదీ తెరుచుకుంది.

"నువ్వూ అట్ల కొట్టుకేనా?" అంది ఎదురింటావిడ, చంకలో గుక్కపట్టిన పిల్లాడితో.

"ఆయ్."

కొట్టు ముందు పదిహేడుమంది తల్లులు చేరారు. చిలకమ్మ పొయ్యి కట్టేసింది.

"ఇంతమందికి నాకు గొంతెక్కడిదే? ఆ పిల్లనిలా ఇయ్యి. మీరు ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళు పలకరించుకోండి. నేనేం మంత్రాలు చదవట్లేదు."

లాస్య చిలకమ్మ దగ్గరికి పోయింది, హైమ చేతుల్లోకి ఎదురింటి పిల్లాడు వచ్చాడు. రెండేళ్ళుగా ఎదురెదురు ఇళ్ళే.

"వీడి పేరేంటి వదినా?" అంది.

ఆవిడ చెప్పేలోపే పిల్లాడు ఏడుపాపి హైమ మొహంలోకి చూశాడు.