ఉత్త గొంతు

ఆ అమ్మాయి వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, దాని వంక చూడ్డానికే భయపడుతోంది. పేరు అస్మా, ఊరు ఇందుకూరుపేట. ఆమె చెప్పకముందే అసిస్టెంటు రెజీనా గుర్తుపట్టేసింది. రెండు రోజులుగా నెల్లూరు కుర్రకారు ఫోన్లన్నిటిలోనూ ఆ గొంతే మోగుతోంది మరి.

“నా పాట వచ్చే శుక్రవారం రావాల సార్. ఎవురో ముందే నెట్‌లో పెట్టేసినారు, బీటు లేకుండా ఉత్త గొంతు. నేనే పెట్టినానని ప్రసాదన్న అంటున్నాడు. ఒప్పందం తప్పినాను గాబట్టి ఐదేళ్ళు ఇంకెక్కడా పాడకూడదంట. పాడకపోతే నేనేం జేసేది సార్?”

ప్రైవేట్ డిటెక్టివ్ సంజీవరావుకి హిప్‌హాప్ గురించి తెలిసింది సున్నా. ప్రసాదన్న ఎవరో రెజీనాయే చెప్పింది. పెంచలప్రసాద్ ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో డీజే బండి నడిపేవాడు. తర్వాత మైపాడు దారిలో రొయ్యల మేత గోడౌను ఒకటి అద్దెకు తీసుకుని ‘ఉప్పుటేరు రికార్డ్స్’ పెట్టాడు. గోడకవతల రొయ్యల గుంట. అందులో ఏరియేటర్ల చక్రాలు రేయింబవళ్ళు నీళ్ళు చిలుకుతుంటాయి. ఆ చప్పుడు మైకులో పడుతోందని అందరూ నవ్వారు. అతను దాన్నే తాళం చేసుకుని బీట్లు కట్టాడు. నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆ చక్రం చప్పుడుకి ఊగుతున్నారు.

“ఉత్త గొంతు ఎవరెవరి దగ్గరుందమ్మా?”

“స్టూడియో కంప్యూటర్లో ఉండాది. సాధన చేసుకోమని అన్న నా ఫోనుకీ పంపినాడు.”

“ఎన్నిసార్లు పాడావు?”

“చానా సార్లు. ఆఖరుసారి గుంటలో రొయ్యలన్నీ పట్టేసే పట్టుబడి రోజు పాడినా. అది బాగా రాలేదని అన్న తీసేసినాడు.”

సంజీవరావు ఆమె ఫోన్లోదీ, నెట్లోదీ ఒకదాని తర్వాత ఒకటి విన్నాడు. హెడ్‌ఫోన్లు రెజీనాకిచ్చాడు. “ఏం గొంతు సార్!” అంది రెజీనా కళ్ళు మూసుకుని.

“గొంతు సంగతి వదిలెయ్. గొంతు లేనిచోట విను.”

రెజీనాకి ఏమీ అర్థం కాలేదు. తన బాస్‌కి అర్థమైందన్న ధీమాతో అస్మాని వెంటబెట్టుకుని కారెక్కింది.

స్టూడియో చుట్టూ నిశ్శబ్దంగా ఉంది. గుంట ఎండగట్టారు, బురద నెర్రెలు విచ్చింది. గుమ్మంలోనే చిన్నబాబు ఎదురయ్యాడు. ఆ లేబుల్‌కి మొదటి గొంతు అతనిదే.

“నాకు కుళ్ళే సార్, దాచుకునేదేముంది?” అన్నాడు. “నిన్నటిదాకా గోడ మీద నా బొమ్మ. ఆ పిల్లొచ్చినాక అది బాత్రూం తలుపు మీదికి పోయినాది. అంతమాత్రాన దాని పాట దొంగిలిస్తానా?”

మేనేజరు మధుబాబు ఇంకో సంగతి చెప్పాడు. చెన్నై కంపెనీవాళ్ళు పాట విని, బీటు తామే చేయించుకుంటామని, గొంతు మాత్రం పంపమని అన్నారట. ఆ మాట విన్న రోజు ప్రసాద్ అన్నం ముట్టలేదట.

పెంచలప్రసాద్ మర్యాదగా టీ పోయించాడు. “చెల్లెల్లాగా చూసుకున్నా సార్. నాలుగు చప్పట్లు వినబడేసరికి నేను అక్కర్లేకపోయినా.”

“పట్టుబడి రోజు పాడింది ఏమైంది?”

“అదా? ఊపిరి తప్పింది. పిల్ల గుమ్మం దాటకముందే తీసేసినా. ఎవురూ వినలేదు. చిన్నబాబు, మధుబాబు ఇద్దరూ ఆ రోజు నెల్లూర్లో ఉండారు.”

సంజీవరావు టీ పూర్తిగా తాగి, అందరినీ మైకు గదిలో కూర్చోబెట్టమన్నాడు. అస్మా ఫోన్లో పాటను పెద్ద స్పీకర్లలో వినిపించాడు. పదానికీ పదానికీ మధ్య, వెనకాల ఎక్కడో చక్రాలు నీళ్ళు చిలుకుతున్నాయి.

“కంప్యూటర్లో ఉన్నదీ ఇదే. ఇప్పుడు నెట్లోది వినండి.”

అదే పాట, అదే గొంతు. చక్రం చప్పుడు మాత్రం లేదు.

“సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తారు సార్,” అన్నాడు ప్రసాద్.

“తీసెయ్యొచ్చు. లేనిదాన్ని చేర్చదు కదా.” సంజీవరావు ధ్వని పెంచాడు. రెండో చరణానికి ముందు ఆమె ఊపిరి పీల్చుకున్నచోట కాకుల గోల, దాని కింద దబదబమని దెబ్బలు.

“ఐసు కొడతా ఉండారు,” అన్నాడు చిన్నబాబు మెల్లగా. “పట్టుబడి.”

“అవును. చక్రాలు ఆపి, నీళ్ళు తోడి, రొయ్యల మీదికి ఐసు కొట్టిన రోజు. ఆ రోజు ఇక్కడున్నది ఇద్దరే. ఈమె గుమ్మం దాటకముందే తీసేశానని, ఎవరూ వినలేదని ప్రసాద్ గారే చెప్పారు. తీసేసిన పాట నెట్లోకి నడిచి వెళ్ళదు.” సంజీవరావు అతని వైపు తిరిగాడు. “ఆమె ఫోన్లో ఉన్నదే పెట్టి ఉంటే నేను పట్టుకోలేకపోయేవాణ్ణి. ఎందుకు పెట్టలేదు?”

ప్రసాద్ లేచి స్పీకర్లు ఆపేశాడు.

“దాంట్లో నా చక్రం ఉండాది సార్,” అన్నాడు. “అదొక్కటీ కూడా ఈ పిల్లకి ఇయ్యబుద్ధి గాలా. బీటు లేకుండా ఉత్త గొంతు ఎవురు వింటారు, నవ్వుతారు, చెన్నైవాళ్ళు పోతారు అనుకున్నా. నవ్వలేదు. లక్షలమంది విన్నారు. నా పాట ఒక్కటి గూడా అంతమంది వినలేదు సార్.”

రెజీనా తన బాస్ వైపు మెరిసే కళ్ళతో చూసింది. ఆయన చూడలేదు.

“ఒప్పందం తప్పింది నువ్వు కాదమ్మా,” అన్నాడు అస్మాతో. “అతను. నీ ఇష్టమొచ్చినచోట పాడుకో.”

మధుబాబు కాదనలేదు. అస్మా లేచింది గానీ తలుపు దాకా వెళ్ళి ఆగింది. మైకు ముందు ఎలా నిలబడాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పింది ఆ మనిషే.

“నా పాట నీకు నచ్చలేదా అన్నా?”

పెంచలప్రసాద్ తల ఎత్తలేదు.

“నచ్చింది గాబట్టే గదమ్మా ఈ ఏడుపంతా.”

అస్మా వెనక్కొచ్చింది. స్పీకర్ల పక్కన బోర్లా పడి ఉన్న తన ఫోను తీసుకుని బయటికి నడిచింది.