కొంగుముడిలో తెల్ల ఫ్యూజు

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్తే తప్పు పట్టకండి. ఈమధ్య నాకు వరస తప్పుతోంది. మనుషులు మాత్రం బాగా గుర్తున్నారు.

మన నేతవాళ్లు వలసపోయిన ఉధ్నాలో ఒక సందు. ఒకప్పుడు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడిన కార్ఖానాకి అడ్డగోడలు లేపి యజమాని సేఠ్ అద్దెకిచ్చాడు. అందులో రెండు గదుల్లో సంధ్యారాణి, మొగుడు రాంప్రసాద్, అత్త వజ్రమ్మ ఉండేవారు. సంధ్య వెనక గదిలో కూర్చుని ఏదో కంపెనీ ఖాతాదారుల ఫోన్లకు జవాబు చెప్పేది. నెట్టేమో ముందు గది దాటేది కాదు. గోడకు చిల్లు పెట్టి వైరు లాగుతామంటే సేఠ్ కొట్టేలా మీదికొచ్చాడు. దాంతో రాంప్రసాద్ రెండు చిన్న డబ్బాలు తెచ్చి, చెరో గదిలో ప్లగ్గుకు తగిలించాడు. నెట్టు కరెంటు తీగల్లోంచే వస్తుందట.

వచ్చింది. తెగుతూ తెగుతూ వచ్చింది. ఇంకొక్క కాల్ తెగితే రేపట్నుంచి పని లేదంది కంపెనీ.

తీగల్లో రొద ఉందన్నాడు ఎలక్ట్రీషియన్. మిక్సీ పీకారు. చౌక చార్జర్లు పీకారు. ట్యూబులైటు మార్చారు. ఒక్కొక్కటీ తీసేసినకొద్దీ రొద తగ్గింది. తగ్గినకొద్దీ దాని అడుగున సంధ్య హెడ్‌ఫోన్‌లో ఇంకేదో వినబడసాగింది.

టక్... టక... టక్... టక.

సాంచా చప్పుడు. కానీ ఆ రోజు చుట్టుపక్కల సాంచాలన్నిటికీ సెలవు. సందంతా చెవులు మూసుకుపోయినట్టు నిశ్శబ్దంగా ఉంది.

గోడలో వాడని తీగ మిగిలుంటే అది నెట్టును వెనక్కి కొడుతుంది, కోసెయ్యమని ఎలక్ట్రీషియన్ చెప్పిపోయాడు. అది వెనక గదిలో పాత బోర్డుది. బోర్డులో ఫ్యూజు చోటు ఖాళీ.

"దాని జోలికి పోకు బిడ్డా," అంది వజ్రమ్మ.

అందులో ఉండాల్సిన తెల్ల పింగాణీ ఫ్యూజు ఆమె కొంగుముడిలో ఉంది. ఆమె భర్త రాజలింగం అక్కడే సాంచా బాగుచేస్తూ చచ్చిపోయాడు. సాంచా మీద చెయ్యి వేసేవాడు ముందు ఫ్యూజు పీకి తన జేబులో వేసుకోవాలి, మళ్లీ తనే పెట్టాలి. అది వాళ్ల పద్ధతి. శవం జేబులో ఫ్యూజు ఉంది. ఖాళీ చోట ఎవరో ఉత్త తీగ దోపి కరెంటు ఇచ్చారు. తాగి, ఫ్యూజు పీకడం మరిచాడని సేఠ్ ఊరంతా చాటాడు.

"పోయినోళ్ల కోసం నా నౌకరీ పోగొట్టుకోవాల్నా అత్తా? జరసేపట్ల డ్యూటీ ఎక్కాలె!"

"నీ నౌకరీల మన్ను వడ! ఆ సేఠ్ గాని నోట్లె మన్ను వడ!"

"ఆయన మీద కోపం నా మీద తీస్తవేంది?"

విసురుగా మెయిన్ ఫ్యూజు పీకి అత్త చేతిలో కుక్కింది సంధ్య. ఫ్యాను ఆగింది. ముందు యంత్రాల నూనె వాసన వచ్చింది. తర్వాత కాలిన నూలు వాసన.

డబ్బా మీద పచ్చదీపం ఆరలేదు.

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్‌లో... టక్ టక టక్ టక... ఆగింది.

"వజ్రా..."

సంధ్య చేతిలో కత్తెర జారింది.

"నేను తాగలే..."

వజ్రమ్మ హెడ్‌ఫోన్ లాక్కుంది. ఏడవలేదు. పళ్లు కొరికింది. "నాకెరికే."

"తీగ... ఎవరు పెట్టిన్రు?"

ఇన్నేళ్లూ నమిలి నమిలి మింగిన పేరు. సేఠ్ అసలు పేరు, తండ్రి పేరుతో సహా చెప్పింది.

పచ్చదీపం ఆరిపోయింది.

కింద పడ్డ కత్తెర ఎత్తుకుని సంధ్య తీగ కోసింది, మెయిన్ ఫ్యూజు పెట్టింది. ఆ పూట ఒక్క కాల్ తెగలేదు. ఉద్యోగం నిలిచింది.

పొద్దు గూకకముందే కబురొచ్చింది. సేఠ్ తన ఇంట్లో కరెంటు బోర్డు కింద పడి ఉన్నాడట, వేళ్లు మాడి. అప్పుడు ఆ పేటలో కరెంటే లేదట. జేబులో పాత తెల్ల ఫ్యూజు ఒకటి ఉందట.

వజ్రమ్మ కొంగు తడుముకుంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. లోపల ఏమీ లేదు.

వర్షిణీ, ఇది అచ్చుకు పంపే ముందు పేర్లు ఒకసారి సరిచూడు తల్లీ, నువ్వు నా మనవరాలివి, నీకు చెప్పుకోక ఎవరికి చెప్పను. సేఠ్ పేరు మాత్రం నేను ఎక్కడా రాయలేదు. అంతవరకు నాకు బాగా గుర్తుంది. ఈ కాగితాల్లో నీకెక్కడైనా కనిపిస్తే... పైకి చదవకు.